ఎదురుచూసిన వాళ్ళు

జార్విస్ పెట్రోలు బంకు దగ్గర ఆ రోజు నాకు సిగ్గెందుకు వేసిందో ఇప్పటికీ తేలడం లేదు. నేను తప్పేమీ చేయలేదు. ఎవరూ నన్నొక మాట అనలేదు. పైగా ఒకతను నీళ్ళ సీసా మూత తీసి మరీ చేతికిచ్చాడు. అయినా హెల్మెట్ తీయడానికి మొహం చెల్లలేదు. భయపడినందుకు పడ్డ సిగ్గే అది అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. ఆ జవాబు నిలవడం లేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

కెనడాలో, హామిల్టన్ దాటాక ఆరో నంబరు హైవే కాలెడోనియా, హేగర్స్‌విల్, జార్విస్ మీదుగా దక్షిణానికి దిగి, ఈరీ సరస్సు ఒడ్డున పోర్ట్ డోవర్ అనే చిన్న ఊళ్ళో ఆగిపోతుంది. కొన్ని వేలమంది ఉండే జాలరుల ఊరు. పదమూడో తేదీ శుక్రవారం పడిందంటే చాలు, ఆ ఊరికి మోటారుసైకిళ్ళు కదులుతాయి. వేసవిలో పడితే జనం లక్ష దాటారని పత్రికలు రాసిన సంవత్సరాలున్నాయి. అలాంటి ఒక వేసవి శుక్రవారం మా గుంపు బయలుదేరింది. మిస్సిసాగాలో ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్ళం కొందరం, బ్రాంప్టన్ నుంచి పంజాబీలు, హామిల్టన్ స్టీలు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన.

బయలుదేరేముందు కాఫీ షాపు పార్కింగులో, ముందు నడిపే అతను అందరినీ చుట్టూ నిలబెట్టుకుని చెప్పాల్సినవన్నీ చెప్పాడు. ఒకరు లేనుకి ఎడమ పక్కన, తర్వాతివారు కుడి పక్కన. నీ వరసలో ముందున్న బండికీ నీకూ రెండు సెకన్ల ఎడం. వేలొకటి పైకెత్తితే అందరూ ఒకే వరసలోకి రావాలి. కాలు చాపి చూపిస్తే అటువైపు గుంతో కంకరో ఉన్నట్టు. అన్నీ అయ్యాక, ఇలాంటి ప్రయాణాల్లో తప్పక వినిపించే ఆ మాట కూడా అన్నాడు: ఎవరి బండి వాళ్ళే నడుపుకోండి, ముందువాడి బండి నడపొద్దు.

నాకు ఆ మాట మీద నమ్మకం పోయింది. చెప్పినవాడి మంచితనం మీద కాదు, ఆ మాట మీద. బండ్లు వరసగా పోతుంటే ముందువాడు ఎక్సలేటరు రవ్వంత తగ్గిస్తే రెండోవాడు కాస్త ఎక్కువ తగ్గిస్తాడు, పదోవాడు బ్రేకే వేస్తాడు. ముందువాడు మళ్ళీ మామూలుగా సాగేసరికి పదోవాడికి ఖాళీ కనిపిస్తుంది, దాన్ని పూడ్చడానికి ముందువాడు ఎన్నడూ పోని వేగంతో పోవాలి. కొత్తవాళ్ళని రెండో స్థానంలో పెట్టేది అందుకే. చేయి నాదే, ఎక్సలేటరూ నాదే. కానీ ఎంత తిప్పాలో నిర్ణయించింది నాకు కనిపించనంత దూరంలో ఉన్న ఇంకొకరి చెయ్యి. అలాంటి చోట ఎవరి బండి వాళ్ళు నడపడమంటే ఏమిటి?

నన్నూ మొదట రెండో స్థానంలోనే పెట్టారు. కాలెడోనియాలో ఎర్ర దీపాల దగ్గర వరస చెదిరి, నేను చివరికి వచ్చిపడ్డాను. నా వెనక ఇక ఆ పెద్దాయన ఒక్కడే. ఎప్పుడూ చివర నడిపేది ఆయనే.

హేగర్స్‌విల్ దాటాక రెండు లేన్ల రోడ్డు, ఇరుపక్కలా పొలాలు. మా ముందు ఒక ట్రాక్టరు ఎండుగడ్డి చుట్టలు వేసుకుని నిదానంగా పోతోంది. మధ్యలో పసుపు గీత తెగి తెగి ఉంది, అంటే దాటొచ్చు. ముందతను సిగ్నలు వేసి దాటేశాడు. రెండో అతను దాటాడు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు, పూసలు దారంలోంచి జారినట్టు, ఎవరూ తటపటాయించలేదు. నా వంతు వచ్చేసరికి రోడ్డు కొంచెం ఎత్తెక్కి అవతలికి దిగిపోతోంది. దిగిన చోట ఏముందో కనపడదు. నా ముందతను వెళ్ళాడు, క్షేమంగా లోపలికి వచ్చేశాడు. ఎదురుగా ఏమీ రావడం లేదనడానికి నాకున్న ఆధారం అతనొక్కడే. అతనికి ఆధారం అతని ముందతను. ఆ వరసలో రోడ్డును తన కళ్ళతో చూసినవాడు మొదటివాడు ఒక్కడేనేమో అనిపించింది. చెయ్యి ఎక్సలేటరు మీదే ఉంది, తిరగలేదు. నేను ట్రాక్టరు వెనకే ఉండిపోయాను.

గడ్డి రజను హెల్మెట్ అద్దానికి వచ్చి తగులుతోంది. ముందు ఎవరూ లేరు. కుడి అద్దంలో పెద్దాయన దీపం. ఆయన దగ్గరికి వస్తాడని, హారను కొడతాడని, లేదా చెయ్యి ఊపి 'పో పో' అంటాడని ఎదురుచూశాను. ఆ దీపం చిన్నదైంది. దూరం పెంచుకుంటున్నాడు. తర్వాత లేనులో కొంచెం పక్కకి జరిగాడు, వెలుగు నా అద్దంలో పడకుండా. నేను దాటినా సరే, దాటకపోయినా సరే అని అంత స్పష్టంగా నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఎంతసేపు అలా పోయామో తెలియదు. ట్రాక్టరు ఒక పొలం దారిలోకి తిరిగిపోయింది, మేమిద్దరం జార్విస్ చేరాం. అక్కడ బంకు పక్కన మిగతావాళ్ళంతా ఇంజన్లు ఆపి, హెల్మెట్లు తీసి, ఎండలో నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూడగానే కళ్ళలో దిగులు తగ్గింది. అప్పుడే నాకు సిగ్గేసింది.

ముందురోజు రాత్రి తెనాలి నుంచి అమ్మ ఫోను. "ఒక్కడివే వెళ్తున్నావా నాన్నా?" "లేదమ్మా, పదిమందిమి." "అయితే సరే." రోడ్డెలాంటిదో, ఎంత వేగంతో పోతామో అడగలేదు. ఆ ఒక్క అంకెతో నిద్రపట్టింది ఆమెకి. పదిమందితో చావైనా పెళ్ళే అన్న సామెత మన ఇళ్ళల్లో ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తుంది. వరదొచ్చి ఊరంతా మునిగినప్పుడు అందులో నిజం ఉండే ఉంటుంది. అందరికీ ఒకే కష్టమైతే దాన్ని అందరూ కలిసి మోస్తారు. కానీ మోటారుసైకిలు మీద పడేవాడు ఒక్కడే పడతాడు. గుంపు ఆ పడడాన్ని పంచుకోలేదు. పంచుకుందంటే వెనకవాడు కూడా వచ్చి మీద పడ్డట్టే. ఆ సామెతను కట్టింది పెళ్ళికి వచ్చినవాళ్ళు గానీ, చచ్చినవాడు కాదు. పదిమందిలో ఉంటే భయం పోదు. పైకి కనపడనివ్వడానికి చోటు పోతుంది, అంతే. ఆ రోజు పోర్ట్ డోవర్‌లో తిరుగుతున్నంతసేపూ నా వాదన ఇదే, దీనికి సాక్ష్యాలు వెతుక్కుంటూనే తిరిగాను.

సాక్ష్యాలకేం కరువు? ఆ జాతరంతా భయం మీదే నిలబడింది కదా. 1981 నవంబరు 13న క్రిస్ సైమన్స్ అనే ఆయన, ఓ పాతికమంది స్నేహితులు ఊళ్ళోని కమర్షియల్ హోటల్లో కలిశారు. ఆ రోజు శుక్రవారం, 13వ తేదీ. బాగుందనుకున్నారు, మళ్ళీ అలాంటి రోజు వస్తే కలుద్దామనుకున్నారు. పాశ్చాత్యులు ఇంట్లోంచి కదలడానికి జంకే రోజును పండగ చేసుకున్నారు. నెల ఆదివారంతో మొదలైతే పదమూడు శుక్రవారమే అవుతుంది. ఏడాదికి ఒకటి తప్పదు, మూడుకి మించవు. వాళ్ళ క్యాలెండరు 400 ఏళ్ళకొకసారి మొదటికొస్తుంది. ఆ చక్రంలో పదమూడో తేదీ మిగతా ఏ వారం కంటే శుక్రవారమే ఎక్కువసార్లు పడుతుంది, 688 సార్లు. అంటే వాళ్ళు భయపడేది అన్నిటికంటే మామూలు పదమూడుకే.

నాకు ఆ భయంతో సంబంధం లేదు. మనకు త్రయోదశి మంచి తిథి, శుక్రవారం మంచి వారం. మనది కాని భయాన్ని జయించడానికి ధైర్యం అక్కర్లేదు. మంగళవారం అమావాస్య పడితే, అది చూసుకుని తొలి ప్రయాణం పెట్టుకునే గుంపు మనలో ఒక్కటి ఉందా? ఆ పొద్దున మా తెలుగువాళ్ళలో ఒకతను పదిన్నర కాకముందే తన బండిని పార్కింగులోంచి నాలుగడుగులు ముందుకు తోసి పెట్టుకున్నాడు. శుక్రవారం పదిన్నరకి రాహుకాలం వస్తుంది. ప్రస్థానం పెట్టుకున్నాడన్నమాట. నేను చూశానని అతనికి తెలియదు. అతని మీద నాకు చాలా గౌరవం కలిగింది.

పోర్ట్ డోవర్ మెయిన్ స్ట్రీటులో ఆ రోజు నడవడానికే సందుండదు. రోడ్డు పొడుగునా బండ్లు భుజం భుజం రాసుకుని నిలబడతాయి. ఎండకు తారు మెత్తబడి స్టాండు దిగబడకుండా కింద అణచిన డబ్బా రేకో, చిన్న బిళ్ళో పెడతారు. ఆ రోజు తేదీ అచ్చేసిన చొక్కాలు అమ్ముతుంటారు. వేయించిన పెర్చ్ చేప వాసన ఊరంతా ఉంటుంది, ఆ సరస్సు చేపకి ఆ ఊరు పెట్టింది పేరు. నేను వంగి బండ్ల కింద చూస్తూ పోయాను. నేలకి దగ్గరగా, ఫ్రేముకి కట్టి, చాలా బండ్లకి చిన్న గంట వేలాడుతోంది. రోడ్డు మీది దయ్యాలు బండిని పట్టుకోకుండా ఆ గంట కాపాడుతుందంటారు. ఎవరికి వాళ్ళు కొనుక్కుంటే పనిచేయదట, ఇంకొకరు ఇవ్వాలి. పదమూడో తేదీ మీద నవ్వడానికి వచ్చినవాళ్ళ బండ్ల కిందే ఈ గంట. అబద్ధపు భయాన్ని అందరూ కలిసి గేలి చేస్తున్నారు, నిజం భయాన్ని ఎవరికి వాళ్ళు కట్టుకుని తిరుగుతున్నారు. నా వాదన గెలిచిందనుకున్నాను.

కానీ ఆ గంట ఇంకొకరు ఇవ్వాలన్నారే. అక్కడ నా వాదన నిలిచిపోయింది. నీకు భయం ఉంటుందని ఒకరికి తెలిసి, ఆ తెలిసిన సంగతిని చేతిలో పెట్టి ఇవ్వడమే కదా అది. గుంపులో భయానికి చోటు లేకపోతే ఈ గంట ఎక్కడిది?

చేపలు తింటూ పెద్దాయన పక్కన కూర్చున్నాను. ఎప్పుడూ చివర ఎందుకు నడుపుతారు అని అడిగాను. "భయం," అన్నాడు. దాచుకోవడం గానీ గొప్ప చెప్పుకోవడం గానీ లేదు ఆ మాటలో. వయసులో ఉన్నప్పుడు ముందు నడిపేవాడట. వెనక ఎవరికైనా ఏమైనా అయితే తెలిసేది కాదట. ఇప్పుడు అందరూ కళ్ళ ముందే ఉంటారు. "ట్రాక్టరు వెనక మీరు కూడా నా కోసం ఆగిపోయారు," అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "నేనెవరికోసమూ ఆగలేదు. నా ముందు నువ్వున్నావు, నీ వెనక నేనున్నాను."

ఆ మాట చాలా దూరం తీసుకెళ్ళింది నన్ను. జార్విస్‌లో ఉన్నవాళ్ళు ఆగారు. ఎండలో నిలబడి నా దారి చూశారు. నా సిగ్గుకి మూలం అదే అనిపిస్తోంది. నన్ను వదిలేసి పోర్ట్ డోవర్ వెళ్ళిపోయి ఉంటే కోపం వచ్చేది, సిగ్గు వచ్చేది కాదు. పిరికివాడివని ఎగతాళి చేసి ఉంటే, ఎత్తు మీద దాటకూడదని రూలు పుస్తకం తీసి వాదించేవాణ్ణి. ఎగతాళిని ఎదిరించడం నాకు చేతనవును. ఎదురుచూపుని ఎలా ఎదిరించాలి? తిరుగు ప్రయాణంలో అలాంటిదే ఇంకొక ఎత్తు వచ్చినప్పుడు నా మనసులో మెదిలింది ఎదురుగా వచ్చే లారీ కాదు. మళ్ళీ వీళ్ళు నా కోసం ఎండలో నిలబడతారే అన్న బాధ. చెయ్యి ఎక్సలేటరుని తిప్పబోయింది కూడా. ముందు వెళ్ళేవాళ్ళ సాహసం నన్ను కదిలించలేకపోయింది. వాళ్ళ మంచితనం కదిలించబోయింది.

గుంపు క్రూరమైనది, మనిషిని తోసేస్తుంది అని చెప్పే మాటలు నాకందుకే ఇప్పుడు చాలడం లేదు. మా గుంపులో క్రూరుడు ఒక్కడూ లేడు. నీళ్ళిచ్చారు, దిగులుపడ్డారు, ఆగారు. సరిగ్గా ఆ ఆగడమే నన్ను కనపడని రోడ్డు మీదికి నెట్టగలిగినది. అలాగని ఆగకుండా పోయే గుంపు కావాలా నాకు? అమ్మకి "పదిమందిమి" అని చెప్పినప్పుడు ఆమె నిద్రపోయింది ఆ ఆగేవాళ్ళని నమ్మే కదా. సామెత మీద ఇందాక చేసిన వాదనంతా ఇక్కడ సగం కూలిపోతోంది. మిగతా సగం ఎందుకు నిలబడి ఉందో కూడా చెప్పగలను. పెద్దాయన దీపం నా అద్దంలోంచి పక్కకి జరిగినప్పుడు నాకు దొరికినదీ తోడే. కానీ ఆ తోడు నా నుంచి ఏమీ కోరలేదు. ఒక మనిషి ఇవ్వగలిగినది పదిమంది ఎందుకివ్వలేరో, వాళ్ళు ముందుండడం వల్లనా, పదిమంది కావడం వల్లనా, అది నాకు తెలియడం లేదు.

వేసవిలో మళ్ళీ పదమూడు శుక్రవారం పడేది 2027 ఆగస్టులో. మావాళ్ళు అప్పుడే అనుకుంటున్నారు. నేనూ వెళ్తాను. చివర నడుపుతానని అడగాలని ఉంది కానీ, చివర ఉండాల్సింది అందరికంటే అనుభవం ఉన్నవాడు, ఆ పని నాకు ఇప్పట్లో రాదు. అడగగలిగింది ఒక్కటే: దారిలో నేను వెనకబడితే ఎక్కడా ఆగకండి, ఊళ్ళో కలుద్దాం అని. ఆ మాట వింటే వాళ్ళు నొచ్చుకుంటారు. నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చిన అతను మరీ నొచ్చుకుంటాడు. అతనికి ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నాను.