ఇంజన్ మారాక అదే కారా?

ఫోర్డ్ మోడల్ టీ కారుకు గుర్తింపు సంఖ్యను ఇంజన్ మీదే ముద్రించేవారు. 1908 నుంచి 1927 వరకు సుమారు కోటిన్నర తయారైన ఈ కార్లలో చాలావాటి ఛాసిస్ మీద ఏ సంఖ్యా లేదు. కాబట్టి ఇంజన్ విప్పి మరొకటి బిగిస్తే కాగితాల ప్రకారం కారే మారిపోయినట్టు. యజమాని మాత్రం తాతల నాటి బండి తన షెడ్డులోనే ఉందంటాడు. కాగితం చెప్పేది నిజమా, యజమాని చెప్పేదా అని తేల్చాలంటే, ఒక వస్తువు ‘అదే’ వస్తువుగా ఉండటానికి ఏది ఆధారమో ముందు తేలాలి.

భారతీయ చింతనలో ఈ చిక్కు బండి రూపంలోనే ఎదురవుతుంది. యవన రాజు మిలిందుడు, భిక్షువు నాగసేనుల సంవాదమైన పాలీ గ్రంథం మిలిందపన్హలో, రాజు ఎక్కివచ్చిన రథం గురించే భిక్షువు నిలదీస్తాడు. ఇరుసు రథమా? చక్రాలా? నొగా? ఏ ఒక్కటీ కాదు, వాటన్నిటినీ విడిచి మరొకటీ లేదు. భాగాల కూడికను ఆసరా చేసుకుని వాడుక కోసం పెట్టుకున్న పేరే రథమని తేలుతుంది. రాత్రంతా వెలిగే దీపంలో తొలిజాము జ్వాల, కడజాము జ్వాల ఒకటి కావు, అలాగని వేరూ కావని కూడా అదే గ్రంథం అంటుంది. ఈ లెక్కన అసలుతనాన్ని ఇనుములో వెతకడం వృథా. చూడవలసింది సంతతిని, అంటే ఎడతెగని కొనసాగింపును.

న్యాయ వైశేషికులు దీన్ని ఒప్పుకోరు. అవయవాలకన్నా వేరుగా అవయవి, అంటే మొత్తం వస్తువు, నిజంగా ఉందని, అది సమవాయమనే విడదీయరాని సంబంధంతో వాటిలో ఉంటుందని వారి వాదం. కారు వట్టి పేరు కాదు, ఉన్న వస్తువే. అయితే అవయవం ఒకటి తొలగితే పాత అవయవి నశించి కొత్తది పుడుతుందనీ వారే అంటారు. అప్పుడు ఇంజన్ దాకా పోనక్కర్లేదు, స్పార్క్ ప్లగ్ మార్చినా కొత్త కారే! జైనులది సమన్వయ ధోరణి. పుట్టుక, నాశం, స్థిరత్వం మూడూ కలిసినదే సత్తు అని ఉమాస్వాతి తత్త్వార్థసూత్రంలో చెప్పాడు. ద్రవ్యం నిలుస్తుంది, పర్యాయాలు, అంటే దాని అవస్థలు, మారతాయి. బాగానే ఉంది గానీ, కారులో నిలిచే ద్రవ్యం ఛాసిసా, ఇంజనా అన్నది దీనితో తేలదు.

ఈ తగువు 1990లో లండన్ హైకోర్టుకూ ఎక్కింది. ‘ఓల్డ్ నంబర్ వన్’ అనే బెంట్లీ స్పీడ్ సిక్స్ 1929లోనూ 1930లోనూ లె మాన్స్ పందెం గెలిచింది. తరవాత దానికి 8 లీటర్ల ఇంజన్ ఎక్కించారు. 1932లో బ్రూక్‌లాండ్స్ పందెంలో ప్రమాదం జరిగి దాన్ని నడుపుతున్న క్లైవ్ డన్ఫీ మరణించాడు. ఆపైన కారు మళ్లీ రూపు మార్చుకుంది. కోటి పౌండ్లకు కొంటానని ఒప్పుకున్నవారు, ఇది ఆ కారు కాదంటూ వెనక్కి తగ్గారు. 1929 నాటి భాగాలు దాదాపు మిగల్లేదని న్యాయమూర్తి ఒట్టన్ అంగీకరించారు. అయినా దాని చరిత్ర ఎక్కడా తెగలేదని, ఆ పేరుకు మరో కారేదీ పోటీకి రాదని చెప్పి, అది ఓల్డ్ నంబర్ వన్నే అని తీర్పునిచ్చారు. నాగసేనుడు విన్నా కాదనేవాడు కాదేమో.

పోటీ ఉంటే మాత్రం కథ వేరు. గ్రీకు గాథలోని థీసియస్ ఓడకు పలకలన్నీ ఒక్కొక్కటిగా మార్చాక, తీసేసిన పాత పలకలన్నీ కూర్చి ఎవరైనా రెండో ఓడ కడితే ఏది అసలుదని 17వ శతాబ్దపు తాత్త్వికుడు హాబ్స్ అడిగాడు. మోడల్ టీ నుంచి విప్పిన ఇంజన్ తన సంఖ్యతో మరో ఛాసిస్ ఎక్కినప్పుడు ఎదురయ్యేది సరిగ్గా ఈ ప్రశ్నే. అందుకే విప్పిన ఇంజన్‌ను అమ్మేయడం, కొత్తది బిగించడంకన్నా పెద్ద తప్పు.

ఇంజన్ మార్చకుండా, పాత కారుకు ఎలక్ట్రిక్ స్టార్టర్ మాత్రం బిగించడం ఇంత లోతైన విషయం కాదు. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన స్టార్టర్ 1912 మోడల్ కాడిలాక్‌లో వచ్చేదాకా హ్యాండిల్ తిప్పడమే ఎక్కువమందికి దిక్కు. స్పార్క్ లివర్‌ను వెనక్కి పెట్టడం మరిస్తే హ్యాండిల్ ఎదురు తన్ని మణికట్టు విరిగేది. ఆ శ్రమా అపాయమూ కూడా కారులో భాగమేనని కొందరు అభిమానుల పట్టుదల. కానీ నాటివారు హ్యాండిల్ తిప్పింది వ్రతంగా కాదు, వేరే దారి లేక. 1919లో ఫోర్డ్ కంపెనీయే స్టార్టర్ ఇవ్వడం మొదలుపెట్టింది. పాత కారుకు స్టార్టర్ బిగిస్తే పోయేది కారు గుర్తింపు కాదు, 1910లో బండి నడపడమంటే ఏమిటో తెలిపే సాక్ష్యం. ఛాసిస్‌కు కొత్త రంధ్రం పడకుండా బిగించిన స్టార్టర్‌ను విప్పేస్తే ఆ సాక్ష్యమూ తిరిగి వస్తుంది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా టురిన్ ఒడంబడిక కోరేదీ ఇదే: మార్పు వెనక్కి తీసుకోదగినదై ఉండాలి, విప్పిన అసలు భాగాలను మళ్లీ వాడుకునేందుకు దాచి ఉంచాలి.