పాళెము వెలుపల



హైదరాబాదులోని నల్లకుంటకు మన పల్లెలవారు వేడుక చూచుటకు రారు. పిచ్చికుక్క కరచిన పిల్లవానిని ఎత్తుకొని యొకరు, వాంతులు విరేచనములతో సొమ్మసిల్లినవానిని పట్టుకొని యొకరు, తెల్లవారకముందే బస్సు దిగి వచ్చెదరు. అక్కడనున్న పెద్ద ఆసుపత్రికి సర్ రోనాల్డ్ రాస్ పేరు పెట్టియున్నారు. 1897లో సికింద్రాబాదులో దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొనిన వైద్యుడాయన. అయితే ఆ పేరు చెప్పి దారి అడిగినయెడల తెలిసినవారు తక్కువ. ఫీవరు ఆసుపత్రి అనినను, కోరంటి దవాఖాన అనినను చిన్నబిడ్డయు చూపును.

కోరంటి అనగా పువ్వు పేరువలె వినబడును. గాని అది క్వారంటైను అను మాటయే. జనుల నోట నలిగి ఇట్లయినది. దాని మూలము ఇటాలియా భాషలో నలువది అను లెక్క. పూర్వము తెగులున్న దేశములనుండి వచ్చిన ఓడలను వెనీసు రేవున నలువది దినములు దూరముగా నిలిపెడివారు. అంటురోగులను వేరుగా ఉంచు స్థలము గనుక ఈ ఆసుపత్రికిని ఆ పేరే నిలిచినది.

ఇక్కడ మనకొక ప్రశ్న కలుగుచున్నది. పొరుగువానిని ప్రేమింపవలెనని ప్రభువు సెలవిచ్చియుండగా, రోగియైన పొరుగువానిని దూరముగా ఉంచుట ప్రేమయగునా?

విశ్వాసికి రోగభయమేల, అందరము కలిసియే యుందము అని చెప్పువారు మన సంఘములలో లేకపోలేదు. దేవాలయ శిఖరమునుండి దూకుమని శోధకుడు చెప్పినప్పుడు ప్రభువు దూకలేదు (మత్తయి 4). తన ప్రాణమును లెక్కచేయనివాడు ధైర్యవంతుడు కావచ్చును. ఇంటనున్న ముసలితల్లికి ఆ రోగమును మోసికొనిపోవువాడు ప్రేమగలవాడెట్లగును? కాబట్టి వేరుగా ఉంచుట పాపమని మేము చెప్పము. లేవీయకాండము 13వ అధ్యాయములో కుష్ఠరోగి పాళెము వెలుపల నివసింపవలెనని ధర్మశాస్త్రమే విధించినది. (అక్కడ కుష్ఠు అనబడినది నేటి వైద్యులు చెప్పు వ్యాధియొక్కటే కాదు, బట్టకును, ఇంటి గోడకును పట్టునదియు ఆ పేరనే చెప్పబడెను.)

అయితే మనము ఆ అధ్యాయము చదివి గ్రంథము మూసివేయుదుము. తరువాతి అధ్యాయమున ఏమున్నది? రోగి బాగుపడెనేమో చూచుటకు యాజకుడే పాళెము వెలుపలికి వెళ్లవలెను. రోగి లోనికి వచ్చి తన్ను చూపుకొనువరకు యాజకుడు గుడారములో కూర్చుండుట కాదు. మరియు ఏడు దినములని, మరల ఏడు దినములని లెక్కయున్నది. పరీక్షకు దినమున్నది, తిరిగి చేర్చుకొనుటకు విధి యున్నది. అనగా వెలుపలికి పంపిన ధర్మశాస్త్రమే లోనికి వచ్చు దారిని కూడ వేసినది.

సంఖ్యాకాండము 12వ అధ్యాయమును చూడుడి. మిర్యాము మోషేకు విరోధముగా మాటలాడి కుష్ఠు పొందినది. తప్పు ఆమెదే. ఏడు దినములు ఆమెను వెలుపల నుంచిరి. ఆ ఏడు దినములు అంత గొప్ప జనసమూహము, మందలతో పిల్లలతో, కనాను చేరవలెనను ఆత్రముతో నున్నవారు, ఒక్క స్త్రీ కొరకు ప్రయాణము ఆపి నిలిచిరి. ఆమెను చేర్చుకొనిన తరువాతనే కదలిరి. ఆమెను దూరముగా ఉంచిరి గాని దూరము చేసికొనలేదు. ఈ రెండు మాటలకు నడుమ ఎంత భేదమున్నదో మనము ఆలోచింపవలెను. తప్పు చేసినదాని కొరకే ఇశ్రాయేలు నిలిచియుండగా, తప్పేమియు లేక రోగమున పడినవారి కొరకు మనమెట్లు నిలువవలెను?

మన తెలంగాణములోనే ఇట్లు వెలుపలికి వెళ్లినవారున్నారు. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారును ఆమె భర్తయు కుష్ఠరోగుల కొరకు ఆసుపత్రి ఆరంభించిరి. క్రైస్తవుడు కాని రాజా నర్సాగౌడ్ గారు దానికి ధనసహాయము చేసెను. ఊరు వెలివేసినవారికి అక్కడ చాల్ముగ్ర నూనె సూదులు వేసి, పుండ్లు కడిగిరి. నేడు ఆరు నెలలు గాని, సంవత్సరము గాని మాత్రలు మ్రింగినయెడల ఆ వ్యాధి నయమగును. మందు మొదలుపెట్టిన కొద్దికాలమునకే ఇతరులకు అంటదు. అయినను నయమైనవాని ప్రక్కను బల్లమీద కూర్చుండుటకు జంకు గుడులు ఇంకను ఉన్నవి. వైద్యుడు గీత చెరిపివేసిన తరువాత ఆ గీతను నిలిపియుంచునది ఏమి? అది జాగ్రత్త కాదు.

ఇది ఇతరులను గూర్చి వ్రాయుట సులభము. 2020వ సంవత్సరపు తెగులులో మా సంఘమువారిలో ఒక ఇంటి యజమానుడు ఆసుపత్రి పాలై, దేవుని దయవలన బాగుపడి ఇల్లు చేరెను. ఆయన వేరుగా నుండవలసిన దినములన్నిటను మేము ఫోనులో ప్రార్థన చేసితిమి. అది తప్పు కాదు. ఆ దినములు ముగిసెను. మరి యొక నెలయు గడచెను. ఆయన భార్య నల్లాయొద్ద బిందె పెట్టినయెడల తక్కినవారు తమ బిందెలు జరుపుకొనెడివారు. పెద్దలమైన మేము అది విని నిట్టూర్చితిమి గాని, వారి గడప త్రొక్కలేదు. ఫోనే చాలుననుకొంటిమి. అది అలవాటైనది, నిజము చెప్పవలెనంటే, సుఖముగా కూడ నుండెను.

మార్కు సువార్త మొదటి అధ్యాయములో ప్రభువు కుష్ఠరోగిని ముట్టెను. ముట్టకయే మాటతో బాగుచేయ శక్తిగలవాడు ముట్టెను. ఆ తరువాతి సంగతిని మేము చాలకాలము గమనింపలేదు. బాగుపడినవాడు అంతటను చాటగా, ప్రభువు పట్టణములోనికి బాహాటముగా వెళ్లలేక నిర్జన స్థలములలో నుండవలసివచ్చెను. వెలుపలనున్నవాడు లోనికి పోయెను, లోనికి పోదగినవాడు వెలుపల నిలిచెను. హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక 13వ అధ్యాయము ఆయన గవిని వెలుపట శ్రమపడెననియు, మనమును అక్కడికే వెళ్లవలెననియు చెప్పుచున్నది.

ఈ వాక్యములు ఒక ఆదివారము ప్రసంగమునకై సిద్ధపరచుచుండగా మాకు నోరు ఆడలేదు. ఆ సాయంకాలమే వారింటికి వెళ్లితిమి. ఆయమ్మ తలుపు తీసి, కొంతసేపు మమ్మును చూచి, చాప పరచెను. ఆమె అనినది ఇది: "రోగమున్నప్పుడు రాలేదంటే భయమనుకున్నం అయ్యగారూ. తగ్గినంక గూడ రాకపోయేసరికి, మేం ఏం పాపం చేసినమో అని వెతుక్కున్నం."

మేము తల వంచుకొంటిమి. ఆమె లోనికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చెను. త్రాగితిమి.