నాలుగు తూటాలు, ఐదుగురు మనుషులు

కారులో పెట్రోలు అయిపోయింది. అద్దాల అవతల తెల్లటి పొగమంచు తప్ప ఏమీ కనిపించదు. లోపల ఐదుగురు ఉన్నారు: డేవిడ్ డ్రేటన్, నిద్రపోతున్న అతని చిన్న కొడుకు బిల్లీ, అమాండా అనే యువతి, ఐరీన్ అనే వృద్ధ టీచరమ్మ, డాన్ మిల్లర్ అనే పెద్దాయన. పిస్తోలులో మిగిలినవి నాలుగు తూటాలు. పెద్దవాళ్లు నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఆ మాట ఎవరూ పైకి అనరు. సరిగ్గా అప్పుడే పిల్లవాడు కళ్లు తెరుస్తాడు. కెమెరా కారు బయటికి వచ్చేస్తుంది. మంచులో నాలుగుసార్లు వెలుగు మెరుస్తుంది. ఒక్కడే మిగిలిన తండ్రి గొంతు పగిలేలా ఏడ్చి, కారు దిగి, మంచులో తిరిగే వింత జీవులను తన మీదికి రమ్మని పిలుస్తాడు. మంచును చీల్చుకుంటూ ఏదో చప్పుడు దగ్గరికొస్తుంది. తీరా చూస్తే అది సైన్యం ట్యాంకు. వెంటే ప్రాణాలతో బయటపడ్డవాళ్లను ఎక్కించుకున్న ట్రక్కులు. మంచు విచ్చుకుంటుంది.

2007లో వచ్చిన ‘ది మిస్ట్’ ముగింపు ఇది. చూసినవాళ్లెవరూ దీన్ని మరిచిపోలేరు. ఇన్నేళ్లయినా దీని మీద వాదన చల్లారలేదు. ఇంకో రెండు నిమిషాలు ఆగలేకపోయాడా అని కోప్పడేవాళ్లు ఒకవైపు, అతని స్థానంలో ఉంటే ఎవరైనా అదే చేస్తారని వెనకేసుకొచ్చేవాళ్లు ఇంకోవైపు. సరదాకి చేసే సినిమా చర్చలా మొదలైన ఈ వాదన, కాస్త లోతుకు వెళ్తే, దిక్కుతోచని స్థితిలో మనిషి తీసుకున్న నిర్ణయాన్ని ఏ కొలతతో కొలవాలన్న ప్రశ్న దగ్గర తేలుతుంది.

స్టీఫెన్ కింగ్ 1980లో ప్రచురించిన నవలికలో ఈ ఘోరం లేదు. అక్కడ తండ్రీ కొడుకులు మంచులోనే ప్రయాణం సాగిస్తుంటారు, రేడియోలో లీలగా వినబడిన ఒక్క మాట ఆశగా మిగులుతుంది. కింగ్ రచనల ఆధారంగానే ‘ది షాషాంక్ రిడెంప్షన్’, ‘ది గ్రీన్ మైల్’ తీసిన దర్శకుడు ఫ్రాంక్ డరబాంట్ ఈ కథకు మాత్రం తన సొంత ముగింపు రాసుకున్నాడు. కింగ్ దాన్ని బహిరంగంగానే మెచ్చుకున్నాడు. అంటే ఆ ట్యాంకు అక్కడ దారి తప్పి రాలేదు. ప్రేక్షకుడి గుండె మీద గురిచూసి కొట్టడానికే దర్శకుడు దాన్ని తోలుకొచ్చాడు.

ఒక చిన్న మార్పు ఊహించుకుంటే సంగతి తేటపడుతుంది. అదే కారు, అవే తూటాలు, అవే మౌనమైన చూపులు. అంతా అయ్యాక మంచులోంచి ట్యాంకుకు బదులు నిజంగానే ఆ భయంకర జీవి వచ్చి డేవిడ్‌ను చీల్చేసిందనుకుందాం. ఇప్పుడు డేవిడ్‌ను మూర్ఖుడు అనేదెవరు? కన్నకొడుకును నరకయాతన నుంచి తప్పించి, ఆ యాతనను తాను భరించిన తండ్రి అని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లం. కారులో జరిగిన దాంట్లో వెంట్రుకవాసి తేడా లేదు. కారు బయట ఏం వచ్చిందన్నదొక్కటే మారింది. అది కారులో ఉన్నవాళ్లకు తెలియదు.

జొనాథన్ బారన్, జాన్ హెర్షీ అనే ఇద్దరు పరిశోధకులు 1988లో, ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని తూచే సరిగ్గా ఈ లోపం మీదే ఒక అధ్యయనం ప్రచురించారు. రోగికి ఆపరేషన్ చేయాలని డాక్టరు నిర్ణయించిన ఉదంతాన్ని చదివించి, ఆ నిర్ణయం ఎంత మంచిదో చెప్పమన్నారు. డాక్టరుకు తెలిసిన వివరాలు, ప్రమాదం పాలు అన్నీ ఒకటే. రోగి బతికాడని చదివినప్పుడు నిర్ణయానికి మంచి మార్కులు పడ్డాయి, పోయాడని చదివినప్పుడు తగ్గిపోయాయి. ఫలితాన్ని లెక్కలోకి తీసుకోవద్దని బుద్ధికి తెలిసినా, మనసు ఊరుకోదు.

మన దగ్గరి ఉదాహరణే తీసుకోవచ్చు. 2023 నవంబరులో ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారా సొరంగంలో చిక్కుకున్న 41 మంది కార్మికులు 17 రోజుల తరువాత క్షేమంగా బయటికొచ్చారు. దేశమంతా సహాయక బృందాలకు జేజేలు పలికింది. 2025 ఫిబ్రవరిలో నాగర్‌కర్నూల్ జిల్లా ఎస్‌ఎల్‌బీసీ సొరంగంలో పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు. బురదలో, ఊటనీటిలో, మళ్లీ కూలుతుందేమోనన్న భయంలో సహాయక సిబ్బంది వారాల తరబడి వెతికారు. సిల్క్యారాలో చివరి మీటర్లను చేత్తో తవ్విన ర్యాట్‌హోల్ మైనర్లు ఇక్కడికీ వచ్చారు. ఒక్కరినీ ప్రాణాలతో తీసుకురాలేకపోయారు. అలాగని లోపలికి వెళ్లి వెతకాలన్న నిర్ణయం తప్పవుతుందా? ఎంతమాత్రం కాదు. ఆ మనుషులకు సిల్క్యారా వీరులకు దక్కినంత గౌరవం దక్కాలి.

కాబట్టి డేవిడ్ విషయంలో న్యాయంగా ఆలోచించాలంటే ముందు ఆ ట్యాంకును పక్కకు తీసేయాలి. ట్రక్కులను తీసేయాలి. ట్రక్కులో నిలబడి డేవిడ్ వైపు చూస్తూ వెళ్లిపోయే ఆ తల్లిని కూడా తీసేయాలి. సినిమా మొదట్లో, ఇంట్లో ఎనిమిదేళ్ల కూతురు తమ్ముణ్ణి ఒంటరిగా చూసుకుంటోంది, ఎవరైనా తోడు రండని, అంతా చిక్కుకున్న సూపర్ మార్కెట్‌లో అందరినీ బతిమాలింది ఆమే. ఒక్కరూ కదల్లేదు. ఒంటరిగానే మంచులోకి నడిచి వెళ్లింది. చివరికి తన బిడ్డలతో సహా ట్రక్కులో కనిపిస్తుంది. ఆమె మాట విని ఉంటే అందరూ బతికేవాళ్లని చాలామంది తీర్మానిస్తారు. ఆ తరువాత మార్కెట్ తలుపు దాటిన మరికొందరు ఏమయ్యారో మాత్రం మరిచిపోతారు. నడుముకు తాడు కట్టుకుని వెళ్లిన మనిషి సగం దేహమే తాడుతో తిరిగొచ్చింది. ఆ తల్లి నిర్ణయం గొప్పదే. అయితే ఆమె బతికింది గనుక గొప్పది కాలేదు. దారిలోనే పోయి ఉన్నా దాని గొప్పతనం తగ్గేది కాదు.

ఇవన్నీ తీసేశాక ఆ కారులో ఏం మిగులుతుంది?

వాళ్లకు తెలిసినవి తక్కువేమీ కావు. మందుల షాపులో సాలీళ్లలాంటి జీవులు మనుషులను బతికుండగానే ఏం చేశాయో కళ్లారా చూశారు. ఇంటికి వెళ్తే డేవిడ్ భార్య శవమై కనిపించింది. కొండంత జీవి ఒకటి తలెత్తి చూసినా అందనంత ఎత్తున రోడ్డు దాటుకుంటూ పోయింది. పెట్రోలు ఉన్నంత దూరం వెళ్లినా మంచు ఎక్కడా పలచబడలేదు. పైగా బిల్లీ తండ్రి దగ్గర మాట తీసుకున్నాడు, ఆ రాక్షసులకు తనను చిక్కనివ్వొద్దని. ఇన్ని చూసినవాడు నిరాశపడ్డాడంటే ఆశ్చర్యం లేదు. ఒడ్డున కూర్చుని ఎన్ని మాటలైనా చెప్పొచ్చుగానీ, ఆ నిరాశను తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఇప్పుడే ఎందుకు?

ఆ క్షణాన కారు మీద ఏ జీవీ దాడి చేయడం లేదు. అద్దాలు పగల్లేదు. పిస్తోలు చేతిలోనే ఉంది. తూటాలు గంట తరువాతా పేలేవే, మర్నాడు పొద్దునా పేలేవే. వేచి ఉంటే పోయేది ఆకలి, దాహం, భయం భరించాల్సిన కొన్ని గంటలు. వేచి ఉండకపోతే పోయేది అంతా. దాడి జరిగితే నాలుగుసార్లు కాల్చే వ్యవధి ఉండదు కదా అని డేవిడ్ తరఫున వాదించవచ్చు. బలమైన వాదనే. దానికి జవాబు చెప్పాలంటే వాళ్లు దేని ఆధారంగా ప్రపంచం ముగిసిందనుకున్నారో చూడాలి. పెట్రోలు ఎంత దూరం లాగిందో అంతవరకే వాళ్లు చూశారు. ఈ ఉపద్రవం వెనక సైన్యం చేసిన ప్రయోగం ఉందని మార్కెట్‌లో చిక్కుకున్న సైనికుడి నోటే విన్నారు. అంటే కారణం తెలిసినవాళ్లు ఎక్కడో ఉన్నారని, వాళ్లూ ఏదో ఒకటి చేస్తుంటారని అనుకోవడానికి ఆస్కారం ఉంది. అది గట్టి ఆశ కాకపోవచ్చు. కొన్ని గంటలు ఆగడానికి గట్టి ఆశ అక్కర్లేదు. సందేహం చాలు.

ఆండీస్ పర్వతాల్లో 1972లో జరిగింది ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అక్టోబర్ 13న 45 మందితో వెళ్తున్న ఉరుగ్వే విమానం మంచుకొండల్లో కూలింది. బతికి ఉన్నవాళ్ల దగ్గర ఒక చిన్న ట్రాన్సిస్టర్ ఉండేది. వెతకడం ఆపేశారన్న వార్త దాని ద్వారానే వాళ్ల చెవిన పడింది. డేవిడ్‌కు ఎవరూ రారేమోనన్న భయం. వీళ్లకు ఎవరూ రారన్న వార్త. ఆ తరువాత హిమపాతం మీదపడి మరో ఎనిమిది మంది చనిపోయారు. చనిపోయినవాళ్ల మాంసం తిని మిగతావాళ్లు ప్రాణం నిలుపుకున్నారు. డిసెంబరులో నాండో పరాడో, రాబర్టో కనెస్సా, మరో మిత్రుడు పడమటికి నడక మొదలుపెట్టారు. శిఖరం ఎక్కి చూస్తే అవతల పచ్చటి లోయ లేదు, కనుచూపు మేరా మంచుకొండలే. తిండి సరిపోదని మూడోవాడిని వెనక్కి పంపి ఇద్దరూ ముందుకే వెళ్లారు. పది రోజుల నడక తరువాత ఒక నదికి అవతలి ఒడ్డున సెర్గియో కాటలాన్ అనే పశువుల కాపరి కనిపించాడు. మొత్తం 72 రోజుల తరువాత 16 మంది బతికి బయటపడ్డారు. 2023లో దర్శకుడు బయోనా తీసిన ‘సొసైటీ ఆఫ్ ది స్నో’ సినిమా ఈ కథే.

పటం ముందేసుకుని చూసేవారికి మాత్రం ఇందులో ఒక పొరపాటు కనిపిస్తుంది. కొండలు దాటేశామని కో పైలట్ చనిపోయే ముందు చెప్పిన మాటను వాళ్లు నమ్మారు. అది నిజం కాదు. తూర్పు వైపు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో మూతపడిన హోటలు ఒకటి ఉంది. పడమటికి నడవడం తెలియక ఎంచుకున్న కష్టమైన దారి. అయినా ఆ నిర్ణయాన్ని ఎవరూ తప్పుపట్టరు, బతికారు కాబట్టి. నిజానికి దాన్ని మెచ్చుకోవాల్సింది ఇంకో కారణానికి. తమకు తెలిసినంతలో ఆలోచించారు, శిఖరం మీద అంచనా తలకిందులైనప్పుడు మళ్లీ ఆలోచించి దానికి తగ్గట్టు మార్చుకున్నారు. వాళ్లు తీసుకున్న ప్రతి నిర్ణయం తరువాత ఇంకో నిర్ణయానికి చోటు మిగిలింది. డేవిడ్ నిర్ణయం తరువాత అలాంటి చోటు లేదు.

వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది మరొకటి ఉంది. శవాలను తినాలన్న ఆ దారుణమైన నిర్ణయానికి ముందు వాళ్లు గంటల తరబడి మాట్లాడుకున్నారు. దేవుణ్ణి తలుచుకున్నారు. నేను పోతే నా దేహం మీరు తీసుకోండని ఒకరికొకరు అనుమతి ఇచ్చుకున్నారు. కారులో ఆ సంభాషణే లేదు. ముగ్గురు పెద్దవాళ్లు మౌనంగా తలూపారు, అది వాళ్ల ఇష్టం అనుకుందాం. బిల్లీని ఎవరడిగారు? వాడు తండ్రి దగ్గర తీసుకున్నది రాక్షసుల నుంచి కాపాడమన్న మాట. కళ్లు తెరిచిన ఆ క్షణాన వాడికి కనిపించిన భయం కారు బయటిది కాదు. ఈ ముగింపులో అన్నిటికన్నా భరించలేనిది అదే.

ట్యాంకు రాని కథ కూడా చరిత్రలో ఉంది. 1912 మార్చిలో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తున్న అన్వేషకులు స్కాట్, విల్సన్, బవర్స్ తుపానులో గుడారం దాటి కదల్లేకపోయారు. ఆహార నిల్వ ఇంకా సుమారు 18 కిలోమీటర్ల దూరంలో ఉంది. తలా 30 నల్లమందు బిళ్లలు దగ్గర ఉన్నాయని స్కాట్ డైరీలో రాశాడు. డాక్టరైన విల్సన్ చేత వాటిని పట్టుబట్టి తానే ఇప్పించాడు. తరువాత మాత్రం సహజంగానే పోదామని, చివరిదాకా ఆ నిల్వ వైపే నడుద్దామని తీర్మానించుకున్నట్టు అదే డైరీ చెబుతుంది. ఎవరూ రాలేదు. నవంబరులో వెతుకుతూ వెళ్లినవారికి గుడారంలో ముగ్గురి దేహాలూ దొరికాయి. ఫలితమే కొలత అయితే వాళ్ల పట్టుదల వృథా బాధ. కాదనిపిస్తే, డేవిడ్‌ను తప్పుపట్టడానికి మన దగ్గరున్న కారణం ట్యాంకు అయి ఉండకూడదు.

తెలుగు ప్రేక్షకులు 2024లో అనువాదంగా చూసిన ‘మంజుమ్మెల్ బాయ్స్’తో డేవిడ్ నిర్ణయాన్ని పోల్చి చూడొచ్చు. 2006లో కొడైకెనాల్ గుణ గుహల్లో నిజంగా జరిగిన ఘటన అది. అంతకుముందు అక్కడి లోతైన గోతిలో పడ్డవాళ్లెవరూ తిరిగి రాలేదని అందరికీ తెలుసు. అయినా పడిపోయిన స్నేహితుడి కోసం ఒక కుర్రాడు తాడు కట్టుకుని చీకట్లోకి దిగాడు. ఆ తాడు తెగి ఉంటే దాన్ని తెలివితక్కువ సాహసం అని తిట్టేవాళ్లు బోలెడు మంది ఉండేవారు. తెగి ఉన్నా అది సబబైన నిర్ణయమే. పణంగా పెట్టింది తన ప్రాణం. నడుముకు కట్టిన తాడు వెనక్కి రావడానికి దారి ఉంచింది. లోపలి నుంచి మిత్రుడి గొంతు వినబడుతోంది, అంటే చేయడానికి ఏదో ఒకటి మిగిలి ఉంది.

‘ది మిస్ట్’ ముగింపు పాత్రల స్వభావానికి విరుద్ధమా అంటే కాదు. చూసినదంతా చూశాక డేవిడ్ అలా చేయడం నమ్మశక్యంగానే ఉంది, కథకు అది అతుకుతుంది. అయితే నమ్మశక్యమైనదంతా సరైనది కాదు. డేవిడ్ తప్పు చేశాడు. సైన్యం వచ్చింది కాబట్టి కాదు. అద్దం మీద ఇంకా ఏదీ చేయి వేయకముందే, అడగని పిల్లవాడి తరఫున, వెనక్కి తీసుకోలేని పని చేశాడు కాబట్టి. సైన్యం రాకపోయినా అది తప్పే. ఈ తీర్పు చెబుతున్నప్పుడు కూడా అతని మీద కోపం రాదు, జాలే వస్తుంది.

ఈ సినిమా చూడబోయేవారు, మళ్లీ చూసేవారు ఒక పని చేయండి. మంచులో నాలుగోసారి వెలుగు మెరిసిన చోట సినిమా ఆపేయండి. పక్కనున్నవారితో అక్కడే వాదించుకోండి, డేవిడ్ చేసింది సబబా కాదా అని. తేల్చుకున్నాకే మిగతాది చూడండి.