శబ్దము చెప్పు సాక్ష్యము



యంత్రములో ఎన్నడును లేని యొక శబ్దము వినబడినప్పుడు, దానిని వినినవాని బాధ్యత యేమి? ఇది మెకానిక్కులకు మాత్రమే చెందిన ప్రశ్న యని కొందరనుకొందురు. అట్లు కాదని మేము తలంచుచున్నాము. నూతి యొద్ద ఆయిలింజను నడుపువారికిని, ట్రాక్టరు తోలువారికిని ఈ సంగతి బాగుగా తెలియును. శబ్దము మారినదనగా లోపల ఏదో మారియున్నది. దానిని వినుట చెవి పని. వినినదానిని ఒప్పుకొనుట మనస్సాక్షి పని.

మాకు తెలిసిన యొక యువకుడు జర్మనీ దేశములో ఉద్యోగము చేయుచున్నాడు. అతడు కొంతకాలము క్రిందట పాతదైన టర్బో స్పోర్ట్స్ కారు నొకటి కొనెను. సెలవులకు స్వగ్రామమునకు వచ్చినప్పుడు, ఆ కారు వలన తనకు కలిగిన అనుభవమును మాతో దాచకుండ చెప్పెను. ఆ సంగతి మనకందరకు ఉపయోగపడునని తోచి, అతని అనుమతితో ఇక్కడ వ్రాయుచున్నాము.

ముందుగా టర్బో యనగా ఏమో తెలిసికొందము. ఇంజనులో ఇంధనము మండిన తరువాత వేడి పొగ బయటికి పోవును. సాధారణముగా అది వృథాయే. 1905లో ఆల్ఫ్రెడ్ బ్యూకి యను స్విట్జర్లాండు ఇంజనీరు, ఆ పొగ బలముచేతనే ఒక చక్రమును త్రిప్పి, దానికి జతపరచిన మరియొక చక్రముతో ఇంజనులోనికి గాలిని అదిమి పంపు ఉపాయమునకు పేటెంటు పొందెను. ఎక్కువ గాలి దూరిన చోట ఎక్కువ ఇంధనము మండును. చిన్న ఇంజనుకు పెద్ద బలము వచ్చును. ఈనాటి కార్లలో ఆ చక్రములు నిమిషమునకు లక్ష సార్లకు మించి తిరుగగలవు. అంత వేగముగా తిరుగు ఇరుసును కాపాడునది పలుచని ఆయిలు పొర మాత్రమే. ఆ ఆయిలు వేరుగా నుండునది కాదు. ఇంజనులోని బేరింగులను తడుపు ఆయిలే టర్బోను కూడ తడుపును. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ యువకుని కారులో ఒకనాడు టక్కు టక్కుమను శబ్దము పుట్టెను. మొదట అతడు రేడియో శబ్దమును కొంచెము పెంచెను. ఈ మాట చెప్పునప్పుడు అతడు సిగ్గుపడి నవ్వెను, మేమును నవ్వితిమి. ఏలయనగా మనలో అట్టి పని చేయనివారెవరు? పది దినములైన తరువాత శబ్దము రేడియోను మించెను. స్నేహితులను అడుగగా, "టర్బో కారు గదా, టర్బోయే పోయియుండును" అనిరి. అతడు ఒక షెడ్డుకు పోయి, "టర్బో చెడిపోయినది, మార్చుడి" అని చెప్పెను. అక్కడివారు విప్పి చూడగా టర్బో ఇరుసు కొంచెము వదులుగానే యుండెను. క్రొత్తది బిగించిరి. రెండు నెలల జీతము ఖర్చాయెను. శబ్దము మాత్రము పోలేదు.

ఇందులో ఎవరును అబద్ధమాడలేదు. దొరికిన లోపము నిజమైనదే; కాని వెదకవలసిన లోపము అది కాదు. ఆ మెకానిక్కు, కారు చెప్పినదానిని వినక, యజమాని చెప్పినదానిని వినెను. ఒక తప్పు కనబడగానే మన మనస్సు తృప్తిపడి వెదకుట మానును. మనుష్యులకు తీర్పు తీర్చుటయందును మనము తరచుగా ఇట్లే చేయుదుము. ఒకనియందు చిన్న దోషము కనబడినయెడల, ఇంటిలో జరిగిన ప్రతి నష్టమును అతని మీదనే మోపుదుము.

పిమ్మట అతడు మరియొక షెడ్డులో ఒక వృద్ధ మెకానిక్కు నొద్దకు పోయెను. ఆయన పనిముట్టేదియు చేతబట్టక ముందు ప్రశ్నలడిగెను. శబ్దము ఉదయము చల్లగా నున్నప్పుడా, వేడెక్కిన తరువాతనా? బండి నిలిచియున్నప్పుడా, ఎత్తు ఎక్కునప్పుడా? ఇంజను వేగముతో పెరుగునా, చక్రముల వేగముతో పెరుగునా? ఈ ప్రశ్నలు ఊరక అడిగినవి కావు. చల్లని ఇంజనులో టిక్కు టిక్కుమని, వేడెక్కగానే తగ్గునది తరచుగా పొగ గొట్టపు అతుకులోని సందు. బరువు పడినప్పుడు బుస్సుమనునది గాలి గొట్టపు చీలిక. ఈలవలె సన్నగా లేచి పోలీసు సైరనువలె కూయునది టర్బో ఇరుసు అరుగుదల. డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్లుండునది ఇంధనము వేళ తప్పి మండుట. వేడెక్కిన కొలది లోతుగా, సుత్తితో కొట్టినట్లు పలుకునది కనెక్టింగ్ రాడ్డు బేరింగు. అన్నిటిలో భయంకరమైనది ఇదియే.

అప్పుడాయన ఇంజను పైన అక్కడక్కడ స్టెతస్కోపు పెట్టి వినెను. రోగుల రొమ్ము వినుటకై 1816లో పారిసులో లేనెక్ అను వైద్యుడు కనిపెట్టిన సాధనమునకు ఇది వంశమందు పుట్టినదే. తరువాత సిలిండర్లకు నిప్పురవ్వ అందకుండ ఒక్కొక్కదానినే ఆపి చూచెను. మూడవదానిని ఆపగానే శబ్దము తగ్గెను. ఆయన ఇంజను కట్టివేసి, "ఆయిలు మట్టము కడపటిసారి ఎప్పుడు చూచితిరి?" అని అడిగెను. యువకుడు, "పోయిన నెలలో" అనెను.

అది నిజము కాదు. అతడు అయిదు నెలలుగా చూడలేదు.

మెకానిక్కు బదులు పలుకక, ఆయిలు ఫిల్టరును విప్పి, కోసి, దానిలోని కాగితపు మడతలను బల్ల మీద పరచెను. వాటినిండ సన్నని లోహపు పొడి మెరయుచుండెను. బేరింగు అరిగి ఆయిలులో కలిసిన పొడి యది. యువకుడు దానిని చూచి, "నేను చెప్పినది నిజము కాదు" అని ఒప్పుకొనెను. ఆ యాదివారము ఊరినుండి వచ్చుచున్న తన తల్లిని అదే కారులో విమానాశ్రయమునుండి తీసికొనిరావలెనని అతని కోరిక. వేగ పరిమితి లేని రహదారులు ఆ దేశములో కలవు. "ఈ ఒక్క ప్రయాణము చేయవచ్చునా?" అని అడిగెను. ఆ వృద్ధుడు, "చేయగూడదు. రాడ్డు విరిగినయెడల ఇంజను గోడను చీల్చుకొని వచ్చును. ఆయిలు రోడ్డు మీదను, వెనుక చక్రముల క్రిందను పడును. మీ తల్లి రైలులో రావచ్చును" అనెను.

తల్లి రైలులోనే వచ్చెను. ఇంజను విప్పి క్రాంకు షాఫ్టు సానపట్టించి క్రొత్త బేరింగులు వేయించుటకు అతడు అప్పు చేయవలసి వచ్చెను. ఆయిలు కరవైనందుననే టర్బోయు, బేరింగును రెండును అరిగెనని అప్పుడు తేలెను. మూలము ఒక్కటే, అది వెలలేని ఒక్క నిమిషపు పని మరచుట.

ఇట్టి మరపు క్రొత్తది కాదు. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైరు అను టర్బో కారు వచ్చెను. ఇంజను కొట్టుకొనకుండ నీరును మిథనాలును కలిపిన ద్రవము దానిలోనికి చిమ్మబడుచుండెను. ఆ ద్రవపు పాత్రను అప్పుడప్పుడు నింపుట యజమాని పని. అనేకులు నింపలేదు. పాత్ర ఖాళీయైనప్పుడు ఇంజనును కాపాడుటకై బలము దానంతటదే తగ్గించబడెడిది. వారు మాత్రము కారుకు సత్తువ లేదనిరి. 1963తో ఆ కారు తయారగుట ఆగిపోయెను. ఖాళీ పాత్రలను నమ్ముకొని యంత్రము చేసినవారియందును లోపము కలదు. అయినను మూత తీసి చూడకయే తీర్పు చెప్పినవారును నిర్దోషులు కారు.

కాబట్టి మొదటి ప్రశ్నకు మేము చెప్పు జవాబు ఇది. శబ్దమును వినకుండుట ఒక తప్పు. దానికి తొందరపడి పేరు పెట్టుట మరియొక తప్పు. ఈ రెండును వేరుగా కనబడినను ఒకే వేరునుండి మొలచినవి. రేడియో పెంచినవాడును, విచారింపక టర్బో మార్పించినవాడును ఒక్కడే గదా! రెండు సారులును అతడు కోరినది తన భయము తీరుట. సత్యము తెలియుట కాదు. సత్యము కోరువాడు, "నాకింకను తెలియదు" అని పలికి, తెలియువరకు ఓర్చుకొనును. తెలిసిన తరువాత అది తన తప్పునే చూపినను దాచడు.

మన యిండ్లలోను ఇట్టి శబ్దములు కలవు. ఎప్పుడును గలగల మాటలాడు కుమార్తె కొన్ని దినములుగా మౌనముగా నున్నది. పాలికాపు మాటలో మునుపులేని బిగువు వినబడుచున్నది. వాటికి మనము ఏ పేరు పెట్టుచున్నాము? పేరు పెట్టకమునుపు దగ్గర కూర్చుండి అడుగుదము. "ఎప్పటినుండి?" అని అడుగుదము. అటు తరువాత, మనలను మనమే మరియొక మాట అడుగుకొందము: మనము చూడవలసినదానిని కడపటిసారి ఎప్పుడు చూచితిమి?