శ్రమ యెప్పుడు తపస్సగును?

కష్టము రెండు విధములు. మానవుని వెదకికొని వచ్చునది ఒకటి. మానవుడే వెదకికొని పోవునది రెండవది. మొదటిదాని నోర్చుకొనుట సహనము. దానిని గూర్చి వివాదము లేదు. కాని ఇంట సుఖముగా నుండగలవాడు తనంతట తానై ఆకలిని, చలిని, అలసటను కోరి తెచ్చుకొనినచో దానికేమి పేరు పెట్టవలెను? అది తపస్సా, అహంకారమా, లేక కేవలము వినోదమా? ప్రశ్న ప్రాచీనమైనదే. నేటి కాలమున అది క్రొత్త రూపమున నిలిచినది.

పశ్చిమ బెంగాలు రాష్ట్రమునందు, డార్జిలింగు ప్రాంతమున, భారత నేపాళ దేశముల సరిహద్దు వెంబడి సింగలీలా అను పర్వతశ్రేణి కలదు. దాని మీదుగా పోవు కాలిత్రోవ పాతది. 1848వ సంవత్సరమున జోసెఫ్ హుకర్ అను ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు ఈ శ్రేణిలోని టొంగ్లు శిఖరము నెక్కి, అచ్చటి చెట్టుచేమలను గూర్చి వ్రాసియుంచెను. 3,636 మీటర్ల యెత్తున నున్న సందక్‌ఫూ ఈ త్రోవలో మిక్కిలి యెత్తైన చోటు. ఆకాశము నిర్మలముగా నున్న ఉదయమున అచ్చట నిలిచినవారికి కాంచనగంగ, ఎవరెస్టు, లోత్సే, మకాలు శిఖరములు నాలుగును గోచరించును. 1991లో ఈ త్రోవమీద ఐదు దినముల పరుగుపందెము ప్రారంభమైనది. మొత్తము దూరము నూరు మైళ్లు, అనగా సుమారు 160 కిలోమీటర్లు. మొదటి దినముననే మానేభంజాంగు గ్రామమునుండి సందక్‌ఫూ వరకు 38 కిలోమీటర్లు రాళ్ల దారిలో ఎక్కవలెను. మూడవ దినమున పూర్తి మారథాను, అనగా 42 కిలోమీటర్లు.

ఒక్కనాడు ముగియు పందెమునకును, దినదినము సాగు పందెమునకును భేదము కలదు. ఒక్కనాటి పందెమున ఉన్న బలమంతయు వెచ్చింపవచ్చును. ఐదునాళ్ల పందెమున అట్లు చేసినవాడు మరునాడు లేవలేడు. అంతేగాక, సందక్‌ఫూ యెత్తున ఒక శ్వాసకు లభించు ప్రాణవాయువు సముద్రతీరమున లభించుదానిలో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే. తలనొప్పియు వాంతులును ఆరంభమైనచో మొదట చేయవలసినది పైకి పోకుండుట. తగ్గనిచో క్రిందికి దిగిపోవుట. పౌరుషమునకు పోయి ముందుకు సాగినవానికి ఊపిరితిత్తులలోనో మెదడులోనో నీరు చేరి ప్రాణాపాయము కలుగవచ్చును. కావున మితము తెలిసినవాడే ఇచ్చట గట్టెక్కును. ఈ మేరకు ఈ పరుగు ఒక నియమమనియు, మంచి శిక్షణమనియు అంగీకరింపవచ్చును.

అయినను, శ్రమ యున్నచోట నెల్ల పుణ్యమున్నదనుట సరికాదు. అట్లయినచో హిమాలయపు త్రోవలలో నుదుట పట్టీ తగిలించుకొని, వీపున బరువు మోయుచు ఎక్కు కూలివాడే అందరికంటె గొప్ప తపస్వి కావలెను. అతనికి పతకము లేదు, చప్పట్లు లేవు. తాను తపస్సు చేయుచున్నానని అతడును తలపడు. ఇంటివారి కూటి కొరకు మోయుచున్నాడు, అంతియే. మోకాలి నొప్పి పరుగెత్తువానికిని బరువు మోయువానికిని ఒక్కటే. శ్రమను పూజింతునను మనుజుడు ఆ కూలివానిని గూడ అంతే గౌరవముతో చూడవలెను. చూడలేనిచో అతడు పూజించునది శ్రమను కాదు, కీర్తిని.

ఈ వివేచనము మన పెద్దలకు తెలియనిది కాదు. శ్రీమద్భగవద్గీత పదునేడవ అధ్యాయమున తపస్సు మూడు విధములుగా విభజింపబడినది. ఫలాపేక్ష లేక శ్రద్ధతో చేయునది సాత్త్వికము. మెప్పు కొరకు, ఆడంబరము కొరకు చేయునది రాజసము. అది నిలుకడ లేనిది. మూఢమైన పట్టుదలతో తన్ను తాను హింసించుకొనుచు, లేదా పరులకు కీడు తలపెట్టి చేయునది తామసము. గమనింపదగిన విషయ మేమనగా, ఈ విభజనమునకు ఆధారము శ్రమ పరిమాణము కాదు. ఎన్ని దినములు, ఎంత దూరము అను లెక్క అందెచ్చటను లేదు.

ఈ లెక్కలేమి ఎంత గొప్పదో తెలియజేయు దుర్ఘటన 2021 మే 22న చైనా దేశపు గాన్సు రాష్ట్రమున జరిగినది. అచ్చటి కొండలలో నూరు కిలోమీటర్ల పరుగుపందెమునకు 172 మంది బయలుదేరిరి. మధ్యాహ్నమునకు పెనుగాలి, వడగండ్లు, మంచువంటి వాన వచ్చిపడినవి. పలువురు పలుచని దుస్తులలో నుండిరి. ఆశ్రయము లేని యెత్తున చలికి శరీరములు కొయ్యబారెను. 21 మంది మరణించిరి. ఆ సమయమున ఆ కొండమీద ఒక గొఱ్ఱెల కాపరి యుండెను. వానకు తాను తల దాచుకొనిన గుహలోనికి, పడిపోవుచున్నవారిని చేర్చి, నిప్పు రాజేసి, దుప్పట్లు కప్పి, ఆరుగురి ప్రాణములు నిలిపెను. అతడే పందెమునందును చేరినవాడు కాడు. అతని సంఖ్య యే పట్టికలోను లేదు. ఆనాడు ఆ కొండమీద అందరికంటె దూరము పోయినవాడెవడు అని యడిగినచో, గజములతో కొలుచువారు ఒక పేరు చెప్పుదురు. ధర్మముతో కొలుచువారు వేరొకని జూపుదురు.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలుగవచ్చును. ఆగుటయే ధర్మమైనచో దీక్షకు విలువ యేమి? మధ్యలో విడిచినదానిని వ్రతమందురా? దీనికి జపాను దేశమందలి హియేయి పర్వతము సమాధానము చెప్పుచున్నది.

క్యోటో నగరమునకు ఈశాన్యముననున్న ఆ కొండమీద 788లో సైచో అను భిక్షువు ఆశ్రమము నెలకొల్పెను. అచ్చటి తెందాయి బౌద్ధులలో కైహోగ్యో అను దీక్ష కలదు. ఏడు సంవత్సరములలో వేయి దినములు కొండదారులలో నడువవలెను. తెల్లని వస్త్రము, గడ్డితో అల్లిన పాదరక్షలు, నడుమున నొక త్రాడు, నొక కత్తి. దీక్ష తప్పినచో ప్రాణము విడువవలెనని వాని భావము. మొదటి సంవత్సరములలో దినమునకు సుమారు 30 కిలోమీటర్లు. త్రోవలో రెండువందలకు పైగా తావులలో ప్రార్థన. ఏడువందల దినములు నిండిన పిమ్మట తొమ్మిది దినములు అన్నము, నీరు, నిద్ర, శయనము లేక, అచలనాథుని మంత్రము జపించుచు కూర్చుండవలెను. ఈ దేవత పేరును, వారు చేయు హోమమును మన దేశమునుండి పోయినవే.

ఇది తామస తపస్సు కాదా అను సందేహము న్యాయమైనదే. అతిగా దేహమును శోషింపజేయుట మార్గము కాదని బుద్ధుడే విడిచెను గదా! ఈ దీక్ష యెల్లరకు తగినదియు కాదు. మొదటి నూరు దినములు నడచి, పెద్దల అనుమతి పొందినవారికే తక్కిన భాగము లభించును. అయినను దాని క్రమమును పరిశీలించినచో లోతు తెలియును. మొదటి ఏడువందల దినములు తన మేలు కొరకు. ఆ తొమ్మిది దినముల తరువాతి నడక యితరుల మేలు కొరకు. ఏడవ సంవత్సరమున నూరు దినములు దినమునకు 84 కిలోమీటర్లు నడచుచు అతడు కొండ దిగి నగరములోనికి వచ్చును. వీధుల ప్రక్క మోకరిల్లినవారి తలలను జపమాలతో స్పృశించి దీవించును. కాళ్లకు పుట్టిన బలము కడకు పరుల శిరస్సుపై చేయిగా మారినది.

ఇంకొక విశేషము. వేయి దినములని పేరేగాని, నడచునవి 975 దినములు మాత్రమే. మిగిలిన 25 దినములు జీవితాంతము చేయవలసిన సాధనకై విడిచిపెట్టబడినవి. నేను ముగించితిని అను మాట అతని నోట రాకుండ ఆ 25 దినములు కాపాడును. పందెమునకు ముగింపు గీత కలదు. దానిని దాటినవాడు వెనుకకు తిరిగి చూచి గర్వించును. దీక్షకు అట్టి గీత లేదు.

కావున శ్రమ తపస్సగుట దూరమును బట్టి కాదు. దేహమును హింసింపక మితమెరిగి, ప్రక్కవాని బాధకు కన్ను మూయక, ముగిసినదను గర్వము లేక చేసినచో పరుగును తపస్సే. ఆ మూడును లేనిచో ఉపవాసమును పందెమే. కాలినడకన కొండ యెక్కుదునని మ్రొక్కుకొనినవాడు ఈ సత్యమును మెట్లమీదనే పరీక్షించుకొనవచ్చును. నడిమిమెట్టున ఒక వృద్ధురాలు రొప్పుచు కూర్చున్నది. ఆమె చేతి మూట నందుకొని, ఆమె అడుగుతో అడుగు వేసినచో దర్శనమునకు ఒక గంట ఆలస్యము కావచ్చును. ఆ గంట మ్రొక్కులో లోపము కాదు. మ్రొక్కు ఫలించిన గంట అదియే.