రంగు మారితే విశ్వాసము మారునా?



తరతరాలుగా పరభాషల నడుమ జీవించుచున్న మనకు ఒక ప్రశ్న తరచు ఎదురగుచున్నది. ఇరుగుపొరుగువారి రంగు, రాగము, అలవాటు మన భక్తిలో కలిసినప్పుడు అది కల్తీయా, ఎదుగుదలయా?

సియోనా బెంజమిన్ అను చిత్రకారిణి విషయము ఆలోచించుదము. ఆమె 1960లో బొంబాయిలో, బెనె ఇజ్రాయెల్ అను యూదుల సమాజములో జన్మించినది. కాథలిక్, పారసీ బడులలో చదివినది. చుట్టూ హిందువులు, ముస్లిములు. తరువాత అమెరికా వెళ్లి న్యూజెర్సీలో స్థిరపడినది. 'ఫైండింగ్ హోమ్' (ఇంటిని వెదకుట) అను చిత్రాల వరుసలో బైబిలు స్త్రీలను మన దేశపు సూక్ష్మచిత్రాల పోలికలతో, నీలి చర్మముతో చిత్రించినది. ఆకాశము, సముద్రము నీలమే గనుక ఆ రంగు ఏ ఒక్క దేశానిదీ కాదని ఆమె భావము. తెలుగువారి కంటికి మాత్రము నీలవర్ణము కృష్ణుని తలపించును. కొందరు ఉలికిపడుట సహజమే.

అయితే ముందు మన కీర్తనల పుస్తకము తెరచి చూతము. పాట పైన రాగము, తాళము అచ్చువేసియున్నవి. 1833లో కటకములో బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరి గారు తెలుగు కీర్తనలను ఈ దేశపు రాగాలలోనే కట్టిరి. అందువలన మన స్తుతి వేరొకరికి చెందలేదు గదా!

అసలు చిక్కు రంగులో లేదు. 'బిలవెడ్' అను చిత్రములో ఆమె శారా, హాగరులు కౌగిలించుకొన్నట్లు చూపినది. ఆదికాండము 21వ అధ్యాయములో అట్టి కౌగిలి లేదు. రొట్టె, నీళ్లతిత్తి ఇచ్చి హాగరును పంపివేయుటయే యున్నది. వాక్యమే ప్రమాణమను బాప్తిస్టులమైన మనము లేనిదానిని ఉన్నదనరాదు. కాని ఆ చిత్రమును వృత్తాంతముగా గాక, జరిగియుండవలసినదానికొరకైన వేదనగా చూచినయెడల అది మనలను నిలదీయును. మన సంఘములో మొదట వచ్చి ఇండ్లు కట్టుకొన్నవారమున్నాము. నిన్న మొన్న కూలిపనికి వచ్చి వెనుక వరుసలో కూర్చుండువారున్నారు. తెలుగు చదువరాక కన్నడలోనో, ఒడియాలోనో ప్రార్థించు మన బిడ్డలున్నారు. వీరిని హత్తుకొనుచున్నామా, రొట్టె చేతికిచ్చి సాగనంపుచున్నామా?

ఆరాధన ఎవరికి చెందవలెనో ఆ విషయములో కలుపుగోలుతనము తగదు. పాట రాగములోను, బొమ్మ రంగులోను, ప్రార్థన భాషలోను భయపడవలసినది లేదు. నీలి రంగును చూచి ఉలికిపడి, బయటికి పంపబడిన హాగరును చూచి ఉలికిపడనియెడల మన విశ్వాసమునకు అదియే అసలైన కల్తీ.