లీలావతి జవాబు

ఆడపిల్లకి లెక్కలెందుకని ఇప్పుడు నేరుగా అడిగేవాళ్లు తక్కువ. "ఈ వర్గ సమీకరణాలు జీవితంలో ఎక్కడ పనికొస్తాయి?" అంటారు. ఇంజనీరు కావాలనుకున్న కొడుకు విషయంలో దానికి జవాబు సిద్ధంగానే ఉంటుంది. త్వరగా పెళ్లి చేసి పంపాలనుకున్న కూతురి దగ్గరే అది అసలు ప్రశ్నవుతుంది. పదేళ్ల బడి చదువులో గణితం ఆడా మగా అందరికీ ఉండాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. పాఠం అందరిదీ అయింది గానీ ప్రశ్న మాత్రం పోలేదు.

సాహిత్యం చదువుకున్న నేను దీనికి జవాబు ఒక లెక్కల పుస్తకంలోనే వెతికాను. భాస్కరాచార్యుడి 'లీలావతి' (1150)లో చాలా లెక్కలు ఒక స్త్రీని సంబోధిస్తూ సాగుతాయి. బాలా, కాంతా, లేడికన్నులదానా, చెప్పు అంటాడు. ఆమె ఏం చెప్పిందో పుస్తకంలో లేదు. ఆమె ఆయన కూతురనీ, ముహూర్తం తప్పి పెళ్లి ఆగిపోతే ఓదార్పుగా ఈ పుస్తకం రాశాడనీ ఉన్న కథ 1587 నాటి ఫైజీ పారశీక అనువాదంలో కనిపిస్తుంది. లెక్క చేసే అమ్మాయి మనకు దక్కలేదు, పెళ్లి కాని అమ్మాయి దక్కింది!

అందులో ఒక లెక్క చూడండి. తుమ్మెదల గుంపులో సగానికి వర్గమూలమైనన్ని మాలతి దగ్గరికి వెళ్లాయి. మొత్తంలో తొమ్మిదింట ఎనిమిది వంతులూ వెళ్లాయి. రాత్రి తామరలో చిక్కుకున్న మగ తుమ్మెద ఝంకారానికి బయటున్న ఆడ తుమ్మెద బదులిస్తోంది. మొత్తం ఎన్ని? ఆడ తుమ్మెదకైనా బదులిచ్చే అవకాశం దొరికింది.

తెలియని రాశికి భాస్కరుడు వాడిన గుర్తు 'యా'. ఆ వర్గమూలాన్ని 'యా' అనుకుంటే మొత్తం 2యా². ఈనాటి బడి పద్ధతిలో చివరికి 2యా² − 9యా − 18 = 0 వస్తుంది. కారణాంకాలు కావాలంటే మధ్య పదాన్ని విడగొట్టాలి. గుణిస్తే −36, కూడితే −9 రావాలి. అవి −12, 3. అంటే (2యా + 3)(యా − 6) = 0. రెండింటి లబ్ధం సున్నా అయితే ఏదో ఒకటి సున్నా కావాల్సిందే. యా 6 కావచ్చు, −3/2 కావచ్చు. మైనస్ ఒకటిన్నర తుమ్మెదలు ఉండవు కనక రెండోది వదిలేస్తాం. మొత్తం 72. సరిచూసుకుంటే 6, 64, 2 కలిపి 72.

ఇక్కడ విలువైనది 72 కాదు, ఆ సరిచూసుకోవడం. జవాబు సరైనదని ఆ అమ్మాయికి మాస్టారు చెప్పక్కర్లేదు, నాన్న ఒప్పుకోనక్కర్లేదు. ఒక మూలాన్ని వదిలేశారంటే ఎందుకని అడగొచ్చు, దానికి కారణం ఉంటుంది. "అది అంతే" అనే మాట అలవాటైన ఇళ్లలో పెరిగే పిల్లకి ఇది చిన్న విషయం కాదు.

బీజగణితం వచ్చినంత మాత్రాన విముక్తి రాదు, నిజమే. గణితంలో ఎమ్మెస్సీ చేసి కూడా తన జీతం ఏమవుతోందో ఇంట్లో అడగలేని ఆడవాళ్లు మనకు తెలుసు. పైగా గైడులో మెట్లు బట్టీ పట్టించే చదువు ఆ కాస్త స్వతంత్రాన్నీ మింగేస్తుంది. సూత్రం మాత్రమే ఇచ్చి కారణం ఇవ్వకపోతే అది మరో ఆజ్ఞ అవుతుంది.

అందుకే పనికొస్తుందా అన్న ప్రశ్న నాకు చాలదు. తాను చెప్పింది సరైనదో కాదో తానే తేల్చుకునే అనుభవం ఒక మనిషికి దక్కాలా, అక్కర్లేదా? దక్కాలంటే ఆ పిల్లకి విడగొట్టడం నేర్పాలి, ఎందుకో చెప్పాలి. తర్వాత ఆమె జవాబు వినాలి.